ఓదాకు పొడుగైన చొక్కా

నేను ఒక అవిసె నార చొక్కాను. ఇప్పుడు ఆ మాట ఎవరూ నమ్మరు. జర్మనీలో ఒక చిన్న మ్యూజియంలో, కంచు పిన్నీసుకు పట్టిన చిలుములో బొటనవేలి గోరంత పీలికగా మిగిలాను.

పన్నెండు వందల ఏళ్ల కిందట, సముద్రానికి అవతల ఒక మఠంలో సన్యాసినులు నన్ను నేశారు. నాలాంటి చొక్కాలు మూటకట్టుకుని ఈద్‌బర్ట్ అనే గురువు పడవెక్కి ఇక్కడి సాక్సన్ తెగవాళ్ల అడవికి వచ్చాడు. ఏటిలో మునిగి బాప్తిస్మం తీసుకున్నవాళ్లకు తెల్లచొక్కా తొడిగేవాడు. ఎనిమిది రోజులు దాన్ని ఒంటిమీంచి తియ్యకూడదు. కొందరు నీళ్లలో దిగకముందే మా అంచులు నలిపి నేత చూశారు. గురువు చూడనట్టే ఊరుకున్నాడు.

నన్ను తొడుక్కున్నామె గెర్లింద్. జ్వరంతో ఉన్న ఆరేళ్ల కూతురు ఓదాను ఎత్తుకుని వచ్చింది.

"దీన్నీ ముంచండి అయ్యగారూ."

"నీళ్లు మంచులా ఉన్నాయమ్మా. జ్వరం తగ్గనీ. ఎనిమిదో రోజు అందరూ ప్రార్థనకి వస్తారుగా, అప్పుడు ఇద్దాం."

మంచి మనసుతోనే అన్నాడు. ఏడో రోజు సాయంత్రం ఓదా చనిపోయింది. గెర్లింద్ ఎవరికీ చెప్పలేదు. మర్నాడు పాత ఉన్నిబట్టలోనే ప్రార్థనకు వెళ్లిందట. తెల్లచొక్కా ఏమైందో చూద్దామని గురువు ఆమె వెంటే ఇంటికి వచ్చాడు. పొరుగింటి ఇమ్మా కూడా వచ్చింది.

"బట్ట కోసమే మునిగావా? అప్పుడే ఎక్కడ దాచావే?" అంటూ ఇమ్మా గుమ్మంలోంచి తొంగిచూసి, ఒక అడుగు వెనక్కి వేసింది.

నేను ఓదా ఒంటిమీద ఉన్నాను.

"నీళ్లు పడలేదని తెలుసు అయ్యగారూ," అంది గెర్లింద్. "తెల్లబట్ట చూసైనా మీ దేవుడు దీన్ని లోపలికి రానిస్తాడు కదా?"

వాళ్లు మొక్కే చెట్లను వెనకాడకుండా నరికినవాడు గురువు. ఆ పొద్దు నా అంచు పట్టుకుని పిల్ల పాదాల మీదికి సర్దాడు. బాప్తిస్మం లేనివాళ్లకు లోపల చోటు లేదని, నేర్చుకున్న చదువు ప్రకారం చెప్పవలసిన జవాబు ఒకటుంది. అది నోటిదాకా వచ్చిందనే అనుకుంటాను.

"పొడుగైనట్టుంది," అన్నాడు చివరికి.

"భుజం దగ్గర మడతలు పెట్టి, నా పిన్నీసు గుచ్చాను."

"మంచి పని చేశావమ్మా. చలెయ్యదు."

బయటికి వెళ్లి, చర్చి గోడ పక్కన, బాప్తిస్మం పొందినవాళ్లకు ఉంచిన చోట గొయ్యి తవ్వమన్నాడు.

"అదేంటి అయ్యగారూ, పిల్ల మునగలేదుగా!" ఇమ్మా గొంతు.

"చొక్కా వేసుకుంది. నువ్వూ చూశావుగా."

తర్వాతి కాలంలో జనం అతన్ని పునీతుడన్నారు. అతని గురించి చెప్పే కథల్లో నరికిన చెట్లన్నీ ఉన్నాయి, ఈ గొయ్యి మాత్రం లేదు. పిన్నీసు కింద ఉన్న ఈ పీలిక తప్ప నేనూ ఓదాతోపాటు మట్టినయ్యాను.

అద్దాల పెట్టెలో నా పక్కన ఒక చీటీ పెట్టారు: "చిన్నపిల్ల సమాధిలో దొరికిన బట్ట. పిన్నీసు పెద్దవాళ్లది. మడతలు పెట్టి ఉంది. కారణం తెలియదు."

ఆ మడతలు ఇంకా విడలేదు.