వంటత్త చేతి ఉప్పు

వంటత్తకి ఆస్తిపాస్తులేం లేవు. చెయ్యి ఉంది. ఆ చెయ్యి ఉప్పు వేస్తే కొలవక్కర్లేదు, రుచి చూడక్కర్లేదు అన్నది ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఉన్న ఆ మెస్సులో తినే వాళ్ళందరూ ఒప్పుకున్న సంగతి. ఒప్పుకోని వాళ్ళకి రెండోసారి కూర వడ్డించదు కాబట్టి, ఒప్పుకోక చచ్చేదెవరు?

ఒకే ఒక్క మనిషి ఒప్పుకునేది కాదు. పక్క సందులో ఒంటిగది ఆసుపత్రి చూసుకునే నర్సమ్మ. అక్కడికి డాక్టరు వారానికోసారి వస్తాడు, అదీ వస్తే. మిగతా రోజులన్నీ దిక్కూ మొక్కూ ఆవిడే. మధ్యాహ్నం మెస్సుకొచ్చి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే "అత్తా, ఉప్పెక్కువైంది" అనడం నర్సమ్మకి అలవాటు. "నీ నాలుక్కే జబ్బు చేసింది, ముందు దానికి మందేసుకో" అనడం వంటత్తకి అలవాటు. ఈ ముక్కలు పడకపోతే ఇద్దరికీ తిన్నట్టుండేది కాదు. అంతలేసి మాటలన్నా నర్సమ్మ కంచం తుడిచినట్టు ఖాళీ చేసే లేస్తుందని మాత్రం వంటత్త ఓరకంట కనిపెట్టి ఉంచుకుంది.

వంటత్త కూతురు బట్టల మిల్లులో పనిచేస్తుంది. పగలంతా పిల్లని తల్లి దగ్గరే వదిలి వెళ్తుంది. ఏడాది దాటిన ఆడపిల్ల. పెట్టిన పేరు ఏదో ఉంది గానీ వీధంతా దాన్ని 'సైరన్' అనే పిలుస్తారు. అది గొంతెత్తిందంటే సందు చివర నిద్రపోతున్న వాడు కూడా లేచి కూర్చోవాల్సిందే. ఫ్యాక్టరీ సైరనైనా ఒక్కోరోజు మూగబోతుందేమో గానీ తన మనవరాలు మాత్రం టైము తప్పదని వంటత్త గొప్పగా చెప్పుకునేది.

ఆ సైరన్‌కి విరేచనాలు పట్టుకున్నాయి. వంటత్త చంకనేసుకుని తీసుకెళ్ళింది. నర్సమ్మ కళ్ళు చూసింది, నోరు చూసింది, పొట్ట మీద చర్మం చిన్నగా లాగి వదిలింది. పిల్ల ఆవిడ మొహం మీద కాలితో ఒక్కటిచ్చి, బోరున ఏడ్చింది.

"కాలూ ఆడుతోంది, కన్నీళ్ళూ వస్తున్నాయి. ఒంట్లో నీళ్ళు ఇంకా తగ్గలేదు" అంది నర్సమ్మ, దవడ తడుముకుంటూ. "బయటికి పోయిన నీళ్ళు పోయినట్టే లోపలికి పంపుతుండాలి. అంతే వైద్యం. ఈ ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తీసుకెళ్ళు, ఒక్కో ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్ళలో కలుపు. కాచి చల్లార్చిన నీళ్ళు. ఇంకేం వెయ్యకు. తల్లిపాలు మానిపించొద్దు, తిండీ మానిపించొద్దు. రోజూ ఈ జింకు మాత్ర ఒకటి కరిగించి పట్టు. కళ్ళు గుంటలు పడినా, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా, మగతగా పడున్నా, ఉన్నపళంగా పరిగెత్తుకురా."

వంటత్త వృత్తిధర్మం ఊరుకోనివ్వలేదు. "రుచి ఎలా ఉండాలేంటి?"

"కన్నీళ్ళంత ఉప్పుండాలి. అంతకి మించకూడదు."

"కన్నీళ్ళ రుచి నాకేం తెలుసు? నేనొకళ్ళని ఏడిపించడమే గానీ!"

"ఉల్లిపాయలు కోస్తావుగా, అప్పుడు నాకి చూడు" అని నర్సమ్మ పంపేసింది.

ఇంటికొచ్చి చెప్పింది చెప్పినట్టే కలిపింది. పాపం, అంతవరకూ ఆమె తప్పేం లేదు. కలిపాక ఒక చుక్క నాలుక మీద వేసుకుంది. అక్కడే వచ్చింది చిక్కు. చప్పిడి నీళ్ళు! రుచీ పచీ లేదు. వందమందికి వండి పెట్టే చెయ్యి, సొంత మనవరాలికి ఇది తాగిస్తుందా? అయినా ఉప్పు విషయంలో ఆ మహాతల్లి మాట ఏనాడు నమ్మాం గనక! రోజూ ఎక్కువైందనే నాలుక్కి ఇదే సరైన ఉప్పనిపిస్తుంది కాబోలు.

డబ్బాలో చెయ్యి పెట్టి కాస్త ఉప్పు వేసింది. ఇంకాస్త వేసింది. రెండో ప్యాకెట్టయితే లీటరు సీసా జోలికే పోకుండా చిన్న చెంబులో కలిపేసింది. చిక్కగా ఉంటేనే సత్తువని ఆవిడ లెక్క. పిల్ల గటగటా తాగి, గ్లాసు వదలకుండా ఇంకా ఇంకా అని చేతులు చాపింది. వంటత్త మురిసిపోయింది. తన చేతి రుచి అలాంటిది మరి! అది రుచి కాదని, దాహమని ఆ క్షణాన ఆమెకి తట్టలేదు. సాయంత్రం కూతురు ఎలా ఉందే అమ్మా అనడిగితే "గ్లాసులకి గ్లాసులు లాగించేస్తోంది" అని గర్వంగా చెప్పింది.

మర్నాడు మెస్సులో ఉల్లిపాయలు కోస్తుంటే ఏదో వెలితిగా అనిపించింది. కాసేపటికి గాని అదేంటో అర్థం కాలేదు. సైరన్ మోగలేదు.

కత్తి వదిలేసి మూలనున్న ఉయ్యాల దగ్గరికి వెళ్ళింది. పిల్ల మెలకువగానే ఉంది. పెదాలు ఎండిపోయి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. అమ్మమ్మని చూసి నోరు తెరిచి ఏడ్చింది, కానీ గొంతు పీలగా వచ్చింది. ఉల్లిపాయల ఘాటుకి వంటత్త కళ్ళు ధారగా కారుతున్నాయి. ఏడుస్తున్న పిల్ల కళ్ళు మాత్రం పొడిగా ఉన్నాయి.

పొయ్యి ఆర్పిందో లేదో కూడా గుర్తులేదు. పిల్లని భుజాన వేసుకుని పరుగెత్తింది.

నర్సమ్మ ఈసారి వేళాకోళం ఆడలేదు. పొట్ట మీద చర్మం లాగి వదిలితే ముడత నెమ్మదిగా గాని సర్దుకోలేదు. చెంచాతో నీళ్ళు చూపించగానే పిల్ల ఆబగా అందుకుంది.

"తాగుతోంది, మగతలో లేదు. అదొక్కటే నయం" అంది. తర్వాత భృకుటి ముడిచింది. "ఇచ్చిన ప్యాకెట్లు పట్టావా?"

"పట్టాను."

"ఎంత తాగింది?"

"చాలా తాగింది."

"మరి ఇంతలా ఎండిపోవడమేంటి? అత్తా, అసలేం జరిగిందో నాకు తెలిస్తేనే డాక్టరుకి ఫోన్ చేసి ఏం చెయ్యాలో అడగ్గలను. నువ్వు దాచావంటే నేను చీకట్లో వైద్యం చేసినట్టే."

వంటత్త నలభయ్యేళ్ళుగా ఎవరి దగ్గరా తలదించని మనిషి. ఇప్పుడు ఈ నర్సమ్మ దగ్గర, ఉప్పు విషయంలో! పరువు పోతుందనిపించింది. ఆ వెంటనే భుజం మీద వేడిగా, తేలిగ్గా ఉన్న పిల్ల తెలిసొచ్చింది. నిన్నటికంటే తేలిగ్గా ఉంది.

"నీళ్ళు తగ్గించాను. పైన ఉప్పేశాను" అంది.

"ఎంత వేశావు?"

"చేతికొచ్చినంత." ఆ మాట ఎన్నోసార్లు ఛాతీ విరుచుకుని చెప్పిన మాటే. ఇప్పుడు నోట్లోనే ఇరుక్కుంది. "ఎంతో నాకే తెలీదు నర్సమ్మా."

నర్సమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే వంటత్తకి కాస్త తేలికయ్యేదేమో. "అంత ఉప్పు పడితే ఒంట్లో మిగిలిన నీళ్ళని కూడా లాగేస్తుంది" అని మాత్రం అని, డాక్టరుకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. సరిగ్గా కలిపిన నీళ్ళు చెంచాతో నిదానంగా పట్టమన్నాడు. మగత కమ్మినా, ఫిట్స్ లాంటివి కనిపించినా క్షణం ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నాడు. నర్సమ్మ ఆటోని గుమ్మం ముందుకి రప్పించి పెట్టింది.

లీటరు సీసా నిండా కలిపి, ఒక చుక్క వంటత్త అరచేతిలో వేసింది. "రుచి చూడు."

వంటత్త నాలుకకి రాసుకుంది. అప్పటికే ఆమె చెంపల మీదుగా కన్నీళ్ళు పెదాల దాకా దిగాయి. ఉల్లిపాయలవి కావు. ఆ చుక్కకీ ఈ చుక్కకీ తేడా లేదు. చప్పిడి నీళ్ళని ఈసడించింది వీటినేనా అనుకుంది.

ఇక మొదలైంది చెంచా పని. గరిటెతో వడ్డించే చేతికి చెంచా అలవాటు లేదు. ఒకటి మింగే లోపే ఇంకోటి నోటి దగ్గర పెట్టేస్తోంది.

"నిదానం అత్తా! ఇది మెస్సు కాదు, వెనకాల లైనేం లేదు."

ఒకసారి పిల్ల తాగిందంతా కక్కేసింది. నర్సమ్మ కాసేపు ఆగమని, మళ్ళీ ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టించింది. మెస్సు ముందు ఆకలితో మాడుతున్న జనంలోంచి ఎవరో వచ్చి తొంగిచూసి, వంటత్త చూపు చూసి చల్లగా జారుకున్నారు. ఆమెకి భయంగా ఉంది. సాయంత్రం మిల్లు వదిలితే కూతురొస్తుంది, ఏ మొహం పెట్టుకుని పిల్లని చూపించాలి? చెంచా మాత్రం ఆపలేదు.

ఎండ వాలేసరికి వంటత్త ఉలిక్కిపడింది. "తడిసింది!"

"ఏంటి?"

"నా ఒళ్ళంతా! ఉచ్చ పోసేసింది, ముదనష్టపుది!"

బట్టలు పాడైనందుకు ఇంత సంబరపడిన మనిషిని నర్సమ్మ ఎన్నడూ చూడలేదు. పొట్ట మీద చర్మం లాగి చూసింది, ముడత వెంటనే పోయింది. సరేనని జింకు మాత్ర చెంచాలో కరిగించి నోట్లో వేసింది.

పిల్ల మొహం అష్టవంకర్లు పోయింది. ఊపిరంతా లోపలికి పీల్చుకుంది. సైరన్ మోగింది. బయట ఆటోలో కునుకు తీస్తున్న డ్రైవరు దడుచుకుని హారన్ మీద పడ్డాడు.

ఆ గోలలో పిల్ల కంటి కొసన ఒక చుక్క ఊరి, చెంప మీదకి జారింది. వంటత్త దాన్ని వేలితో అందుకుని, అలవాటు కొద్దీ నాలుక మీద పెట్టుకుంది.

"ఎలా ఉంది?" అనడిగింది నర్సమ్మ.

వంటత్త పిల్లని గుండెకి హత్తుకుంది.

"సరిపోయింది నర్సమ్మా" అంది. "ఉప్పు సరిపోయింది."