ఐసు కరగలేదు

గురువమ్మ చావుకి కారణం ఆమె తమ్ముడు ఎల్లారావు. అది తేలిపోయిన సంగతి. ఆమె మొగుడు పైడయ్య దగ్గర దానికి రెండో మాట లేదు.

ఆ రోజు పనికి బయల్దేరేముందు పైడయ్య మంచం కింద ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు చూశాడు. రోజూ చూస్తాడు. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ ముసలి గేదెలా రొప్పుతోంది. ఊపిరితిత్తులు చెడిన గురువమ్మకు దాని గొట్టమే ఆధారం. కరెంటు పోతే మిషన్ బ్యాటరీ మీద ఆడుతుంది. ఆ ధైర్యంతోనే అతను ఇల్లు కదులుతాడు.

"సేపలకి ఐసు, నాకు గొట్టం. రెండూ కుళ్లిపోకుండా సూత్తన్నావు మావా," అంది గురువమ్మ, నవ్వబోయి దగ్గుతూ.

"నోరు మూసుకుని పడుకోయే."

అంతకన్నా మెత్తని మాట అతనికి రాదు.

ఫిషింగ్ హార్బరు పక్కన ఐసు ఫ్యాక్టరీలో పైడయ్య జుట్టు నెరిసింది. ఉప్పునీటి తొట్టెలోంచి డబ్బాలు లాగాలి, ఐసు దిమ్మల్ని కొక్కెంతో ఈడ్చి పిండిచేసే మరలో వెయ్యాలి. అరచేతుల్లో తోలు తెల్లగా ఉబ్బి పగిలింది. కరెంటు పోతే జనరేటర్ వెయ్యడమూ అతని పనే.

మధ్యాహ్నం పెద్ద గాలి లేచి కరెంటు పోయింది. చెరకురసం మర ఆగింది. సెల్ దుకాణంలో పాట సగంలో తెగింది. పైడయ్య జనరేటర్ వేశాడు. ఐసు మర మళ్లీ తిరిగింది.

"బతికించావు పైడయ్యా!" అని అరిచాడో పడవవాడు.

పైడయ్య ఇంటివైపు ఒకసారి చూశాడు. బ్యాటరీ ఉంది కదా అనుకున్నాడు. తీరిగ్గా కూర్చుని అన్నం తిన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి సందులో ఇంకా కరెంటు లేదు. పొరుగింటి కనకరత్నం గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎన్నిసార్లు ఫోన్ సేసినాం పైడయ్యన్నా! ఎత్తవేటి? ఆటో వచ్చేలోపే అయిపోనాది."

జనరేటర్ హోరులో ఫోను వినపడలేదు. పైడయ్య వంగి మంచం కింద చూశాడు. బ్యాటరీ లేదు. రెండు వైర్లు నేలమీద పడున్నాయి.

"నువ్వెల్లినాక ఎల్లారావు పట్టుకెల్లాడు. పడవలో బ్యాటరీ పాడైనాదంట. సముద్రం మీదికెల్లేవోడు అడిగితే లేదనకూడదని గురువమ్మే ఇప్పించీసింది."

లేదని చెబితే ఆ పడవ తిరిగి రాదని వాడలో నమ్మకం. పైడయ్యకూ ఆ నమ్మకం ఉంది.

గురువమ్మ ముక్కుకి గొట్టం అలాగే ఉంది. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఐసు చేతులంటూ రోజూ విదిలించుకునేది. ఇవాళ విదిలించలేదు.

ఫ్యాక్టరీలో ఆ రోజు ఒక్క దిమ్మా కరగలేదు.

ఎల్లారావు పడవ క్షేమంగా తిరిగొచ్చింది. అప్పటికి గురువమ్మ దినాలు కూడా అయిపోయాయి. అతను బ్యాటరీని బిడ్డలా ఎత్తుకొచ్చి గుమ్మం ముందు దించి, దాని పక్కనే కూలబడ్డాడు.

"నాకు తెల్దు బావా. కరెంటు ఉన్నాది కదా అనుకున్నాను. తిట్టు బావా. ఒక్క దెబ్బ కొట్టు."

పైడయ్య తిట్టలేదు, కొట్టలేదు.

"ఈ ఊసు ఇదే ఆకరు. నువ్వు నా గుమ్మంలో ఎత్తకు. నాను సచ్చేదాకా ఎత్తను."

తలుపు వేసుకున్నాడు.

బ్యాటరీని ఎవరూ లోపలికి తీసుకెళ్లలేదు. అది గుమ్మం ముందే ఉంది, వైర్లు బిగించే కొసలు సముద్రపు ఉప్పుకి తెల్లబడుతూ.