సగం దించిన జెండా

తెల్లవారకముందే లేచి క్రీమ్ గిలకొట్టాను. మా దగ్గర పుట్టినరోజు ఎవరిదైతే వాళ్ళే ఆఫీసులో అందరికీ కేకు తేవాలి. అందులోనూ యాభయ్యో పుట్టినరోజు, మామూలు కేకు పెడితే పిసినారి అంటారు. మూడు పొరలు వేసి మధ్యలో స్ట్రాబెర్రీలు పేరుస్తుంటే మా ఆయన ఫ్లెమ్మింగ్ లేచొచ్చాడు. వేలితో క్రీమ్ తీసుకుని నాకుతూ, "నా చొక్కా ఇస్త్రీ చేశావా?" అన్నాడు. నా పుట్టినరోజు సంగతి ఆయనకి చొక్కా తొడుక్కున్నాక గుర్తొచ్చింది.

పుట్టినరోజు వాళ్ళ బల్ల మీద చిన్న చెక్క స్తంభం పెట్టి, దారం లాగి మా దేశం జెండాని కొసదాకా ఎగరెయ్యడం మా ఆనవాయితీ. ఆఫీసుకి వెళ్ళేసరికి నా బల్ల మీదా పెట్టి ఉంచారు. జెండా మాత్రం చావు జరిగిన ఇంటి ముందు దించినట్టు సగంలోనే ఉంది. దారం చిక్కుపడిందేమో అనుకుని లాగబోయాను.

"ఆగాగు డోర్తే! కావాలనే కట్టాను," అన్నాడు మాతో పనిచేసే ప్రెబెన్. "యాభై వచ్చాయిగా. నీ లోపలి ఆడది పోయింది. పాపం, సంతాపం తెలపొద్దూ?"

అందరూ గొల్లున నవ్వారు. గిట్టే అని నాకంటే పెద్దది ఒకతి ఉంది, అదీ నవ్వింది. పోయిన వేసవిలో ముట్లు ఆగే వయసు వేడికి నాకు ఒళ్ళంతా చెమటలు పడుతుంటే నా కుర్చీ మీద తువ్వాలు పరిచి, "తడిపేస్తుందేమో" అన్నదీ ఈ ప్రెబెనే. ఉద్యోగుల బాగోగులు చూడమని మేమే ఓట్లేసి ఎన్నుకున్న ప్రతినిధి. అప్పుడూ నవ్వాను. నవ్వకపోతే డోర్తేకి హాస్యం తెలీదంటారు. మా దేశంలో అంతకన్నా పెద్ద తిట్టు లేదు. ఈసారీ నవ్వుతూనే కేకు కోసి, అందరికన్నా పెద్ద ముక్క వాడికే పెట్టాను. ఛీ, నా మీద నాకే అసహ్యం వేసింది.

రాత్రి భోజనాల దగ్గర చెప్తే ఫ్లెమ్మింగ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "జోకేగా! దీనికింత రాద్ధాంతమా? ఈ వయసులో ఉద్యోగం పోతే నిన్నెవడు తీసుకుంటాడే? నోరు మూసుకుని చేసుకో." కాసేపాగి, "కేకు మిగిలిందా?" అన్నాడు. ఇరవై ఆరేళ్ళ కాపురం. గిన్నెలు కడుగుతూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. ఉద్యోగం పోతుందన్న భయం మాత్రం నిద్రపోనివ్వలేదు.

మర్నాడు హెడ్డాఫీసు నుంచి మెరెతే అనే మేనేజరు వచ్చింది. పనిచోట వేధింపులు లేకుండా చూడడం గురించి మీటింగు. కప్పులూ బిస్కెట్లూ సర్దింది నేను, మాట్లాడింది ప్రెబెన్.

"మా దగ్గర అలాంటివేం లేవు మెరెతే. మేమంతా ఒక కుటుంబం."

"ఎవరైనా ఏమైనా చెప్పాలా?" అంది మెరెతే.

అందరూ కప్పుల్లోకి చూశారు. నేను లేచాను.

"పనిలో పని, కాఫీ కూడా పట్టుకురా డోర్తే," అన్నాడు ప్రెబెన్.

వెళ్ళి నా బల్ల మీది జెండాని అలాగే, సగంలో ఉన్నదాన్ని ఉన్నట్టే తెచ్చి మెరెతే ముందు పెట్టాను. ఆమె మొహం పాలిపోయింది.

"అయ్యో, ఎవరు పోయారు?"

"నేనే. నిన్న నా పుట్టినరోజు," అన్నాను. "ఎలా పోయానో ప్రెబెన్ చెప్తాడు. నిన్నటి మాటలే, ఒక్కటి కూడా వదలకుండా."

గిట్టే తలెత్తలేదు. ప్రెబెన్ నా వంక చూసి నవ్వబోయాడు, నేను నవ్వలేదు.

"చెప్పు ప్రెబెన్. జోకేగా."