కుప్పలో చేయి

శేషప్ప చొక్కా కుడిచేతిని భుజం దాకా మడిచి, అది జారకుండా పాత లుంగీ అంచుతో చేసిన పట్టీ బిగించాడు. పత్తికుప్పలోకి చంక దాకా చేయి దూర్చి, కదపకుండా ఉంచాడు.

ఆదోనిలో గురురాజ మండీలో ముప్పై ఆరు సీజన్లుగా ఆయన పని ఇదే, పత్తి లోపల తడి ఉందేమో చేత్తో చూడటం. సీజనుకు వెయ్యి కుప్పలు వేసుకున్నా ముప్పై ఆరు వేలు. తప్పింది ఒక్కసారి. జ్వరంగా ఉన్న రోజు తడి కుప్పను పొడి అన్నాడు. అది మిల్లు గోదాములో లోలోపలే కాగి మూడోనాడు అంటుకుంది. ఆర్పబోతే కాలిన మచ్చ ఎడమ మోచేతి కింద ఇంకా ఉంది.

ఈ రోజుతో ఆ లెక్క సరి. రేపటి నుంచి తేమ చూసేది ఫోనుకు తగిలించిన కడ్డీ, దాన్ని పట్టేది గురురాజ కూతురు భవ్యశ్రీ. డిగ్రీ రెండో ఏడు. వీడియో చూసి ఒక్క పూటలో నేర్చుకుంది.

ఆమె కడ్డీని మూడుచోట్ల గుచ్చింది. వీడియోలో మూడే చూపించారు.

"ఎనిమిది శాతం తాతా. బాగుంది."

"లోపల వెచ్చగుందమ్మా."

సరుకును మిల్లుకు తీసుకుపోయే లారీ ఇంజను ఆడుతూనే ఉంది. కౌతాళం నుంచి పత్తి తెచ్చిన రైతు హుసేనప్ప తలపాగా విప్పుతున్నాడు, కడుతున్నాడు.

ఎమ్మిగనూరు వెళ్ళిన గురురాజకు ఆమె ఫోను చేసింది. "మిషనేమంటాంది?" అన్నాడాయన. ఎనిమిది అంది. "అయితే ఎత్తించు. శేషప్పకు పాత పని మీద మోజు, పట్టించుకోవద్దు." స్పీకరులో ఆ మాట అందరికీ వినిపించింది.

"పోతాపోతా పేచీ పెడతాండావా పెద్దాయనా?" లారీ డ్రైవరు నవ్వాడు.

శేషప్ప అడ్డం నిలబడితే హమాలీలు మూట ముట్టరు. కానీ రేపు అడ్డం నిలబడేదెవరు? పట్టీ విప్పి ఆ పిల్ల చేతికి కట్టాడు.

"నా మాట నమ్మద్దు. నీ చెయ్యి పెట్టి సూడు."

మోచేయి దాటేసరికి ఆమె ముఖం మారింది. "వెచ్చగా ఉంది!" వెంటనే ఎడమచేత్తో ఫోనులో వెతికింది. మొదటి మూట లారీ ఎక్కింది.

"ఫోన్లో ఒకటేమో ఎండకు వెచ్చబడతాది అంటాంది. ఇంకోటి తడికి అంటాంది. ఏది నిజం తాతా?"

"పైన ఎట్లుంది?"

"సల్లగుంది."

రెండో మూట లేచింది. ఆమె మళ్ళీ ఫోను వైపు చూసి, ఈసారి దాన్ని బోర్లా పెట్టింది.

"ఎండైతే... ముందు పైనే కాగాల." అంతలోనే అరిచింది. "దించండన్నా! కుప్ప పగలదీయండి!"

నడుమ పత్తి ముద్దగా, ముక్కవాసనతో బయటపడింది.

"వానొస్తాదని మంచులోనే తెంపినామప్పా. నడుమ ఏస్తే ఆరిపోతాదిలే అనుకుంటిమి," హుసేనప్ప తల దించుకున్నాడు.

"రెండెండలు పరుసుకో. ఆరుతాది," అన్నాడు శేషప్ప.

భవ్యశ్రీ అప్పటికే పక్క కుప్పలో చేయి పెట్టి ఉంది. శేషప్ప చొక్కా చేయి దించి గుండీ పెట్టుకున్నాడు. చెప్పులు తొడుక్కుని గేటు దాటాడు. ఎవరూ చూడలేదు.

సాయంత్రం గల్లాబల్ల మీద, చార్జింగులో ఉన్న ఫోను పక్కన, పత్తి నుసి అంటిన ఆ పట్టీ ఉంది. రేపటికని ముడి విప్పకుండానే తీసి పెట్టినట్టుంది.