చంక కింది అతుకు

"నాలుగొద్దుల సంది అదే పాట, నీళ్లు లేవు నీళ్లు లేవని. మొన్న ట్యాంకరొచ్చినప్పుడు నాలుగు బిందెలు నింపుకున్నవ్ గదా. అవి ఎవల పెండ్లికి దాస్తున్నవ్?"

ఆదివారం పొద్దున చాయ్ దగ్గర మొదలైన గొడవ, సూర్యుడు నడినెత్తికొచ్చినా తెగలేదు. గొడవంతా ఒక ఖాకీ చొక్కా గురించి. అది ముందుగదిలో అద్దం పక్కన మేకుకు వేలాడుతోంది. ఉతకమంటోంది అత్త ఈదమ్మ. నీళ్లు లేవంటోంది కోడలు రాజమణి.

"రెండు తాగనీకి, ఒకటి వంటకు, ఒకటి బోళ్లకు. ఇంకేడున్నయ్ అత్తమ్మా?" అంది రాజమణి, చాటలో బియ్యం మీది నుంచి తల ఎత్తకుండానే.

"నా పెద్దకొడుకు అంగీలకు దొరుకుతయ్, చిన్నోనికే దొరకవు. రేపు పరేడుకు వాడేమి తొడుక్కోవాలె? నీ కొంగా?"

అత్త మాటలు రాజమణికి కొత్త కాదు. పధ్నాలుగేళ్లుగా అవి కుక్కర్ విజిల్ లాగా వస్తూనే ఉన్నాయి, ఆమె పని చేసుకుంటూనే ఉంది. కొత్తగా ఉన్నదల్లా తను ఎదురు చెప్పడం. ఈ ఇంట్లో ఉతకమన్నది ఉతకకుండా నాలుగు రోజులు మేకుకు వదిలెయ్యడం ఇదే మొదటిసారి. నీళ్లనేది సాకు అని ఆమెకు తెలుసు. ఆ చొక్కా మీద చెయ్యి వెయ్యబుద్ధి కావడం లేదు. ముందుగది ఊడుస్తున్నప్పుడు కూడా ఆ గోడ దగ్గర చీపురు తనంతట తానే చుట్టు తిరిగి వస్తోంది.

అది మరిది అంజన్‌ది. ఆమె కాపురానికి వచ్చేనాటికి వాడికి పదకొండేళ్లు, ముక్కు తుడుచుకోవడం కూడా సరిగ్గా రాదు. స్నానం, బడి, జ్వరాలు, పరీక్షలు అన్నీ ఆమె చేతి మీదే నడిచాయి. కానిస్టేబుల్ పరుగు పరీక్షకు ఆరు నెలలు తెల్లారకముందే లేచి గుడ్లు ఉడకబెట్టింది. సెలెక్షన్ వచ్చిననాడు వాడు జహనుమా గల్లీ అంతా వినపడేలా, "మా వదినె చేతి కూడు తిని ఉర్కిన" అన్నాడు. ఆ ఒక్క మాటను రాజమణి ఎన్నేళ్లు నెమరేసుకుందో ఎవరికీ తెలీదు. ఆ ఇంట్లో ఆమె పనికి పేరు పెట్టి చెప్పినవాడు వాడొక్కడే.

ట్రైనింగ్‌లో మొదటి నెలలోనే ఈ చొక్కా కుడిచంక దగ్గర చిరిగింది. ప్యాంటు అంచు లోపలి మడత కత్తిరించి, అరచెయ్యంత గుడ్డ తీసి, రాజమణే అతుకు వేసింది. ఎండ తగలని గుడ్డ కాబట్టి రంగు కాస్త ముదురుగా, నలుచదరంగా ఉండిపోయింది. "బయటికి కనవడుతదేమోరా" అని ఆమె ఇదైపోతుంటే వాడు చెయ్యి ఆడించి చూసుకుని నవ్వాడు. "చెయ్యి కిందికుంటే ఎవనికి కనవడతది వదినా! చెయ్యెత్తితే గదా!"

కింద భర్త ఎల్లేష్ ఫోటో స్టూడియో, పైన రెండు గదుల ఇల్లు, ఆ పైన డాబా. స్టూడియో బోర్డు మీద 'ఎల్లేష్ వీడియోస్' అని ఎర్రరంగులో పెద్దగా ఉంటుంది. అడుగున సన్నగా 'లేడీస్ కెమెరా సౌలత్ కలదు' అని ఉంటుంది. ఆ సదుపాయం రాజమణే. పాతబస్తీ ముస్లిం పెళ్లిళ్లలో ఆడవాళ్లు కూర్చునే వైపు మగవాడు కెమెరా పట్టుకుని పోవడానికి వీల్లేదు. అందుకని పెళ్లయిన మూడో ఏట ఎల్లేష్ ఆమెకు కెమెరా నేర్పాడు. ఆమె తీసే క్యాసెట్లు మగవాళ్ల కంటపడవని ఆ ఇళ్లవాళ్లకు ఇచ్చిన మాట. వాటిని ఆమె ఒక్కతే చూసి, ఎడిటింగ్ చేసి, ఆడవాళ్ల చేతికే ఇస్తుంది. అంతవరకు అవి రేకు సందూకలో ఉంటాయి. తాళంచెవి ఆమె బొడ్లో ఉంటుంది. ఎల్లేష్ అన్ని విషయాల్లో మాట తప్పే మనిషే గాని ఆ సందూక జోలికి మాత్రం ఏనాడూ పోలేదు. బేరాల్లో సగం ఆ మాట మీదే వస్తాయి మరి. పోనీ ఆ మాత్రం విలువ ఆమెకూ ఇచ్చాడా అంటే, "బటన్ ఒత్తుడు కోతి గూడ నేర్చుకుంటది" అని నలుగురిలో నవ్వేవాడు. బయానా డబ్బు ముందే అతను తీసుకునేవాడు, పెళ్లివాళ్లు రుమాలీ రోటీ ఆమెకు కట్టి ఇచ్చేవారు.

బుధవారం నాడు గల్లీ ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతో మెయిన్ రోడ్డు మీద బైఠాయించారు. అప్పటికి పదకొండు రోజులుగా నల్లా రావడం లేదు. నడుమ ఒకరోజు వస్తే మోరీ వాసన కొట్టింది, ఇద్దరు పిల్లలకు కామెర్లయ్యాయి. రాజమణి కూడా బిందె చంకనేసుకుంది. ఎల్లేష్ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "నువ్వు పోతే అంజన్‌గాని నౌకరి మీదికొస్తది. పోలీసోళ్ల ఇల్లు మనది, జర యాది పెట్టుకో." పోలీసోళ్ల ఇంట్లో నల్లాకు మాత్రం నీళ్లొస్తున్నాయా అని అడగాలనుకుంది. బిందె దించేసి, సాయంత్రం శాలిబండ పెళ్లికి కెమెరా సిద్ధం చెయ్యాలి కాబట్టి, రిపేరు నుంచి వచ్చిన బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో చూద్దామని డాబా ఎక్కింది.

పక్కింటి షారోన్ రోడ్డు మధ్యలో బాసింపట్లు వేసుకుని కూర్చుంది. ప్రైవేటు బళ్లో మూడో తరగతి టీచరు. ఒళ్లో నీలం ప్లాస్టిక్ బిందె. పైకి చూసి చెయ్యి ఊపింది. "అక్కా, మమ్ముల గూడ తియ్యి! పేపరోళ్లు ఒక్కలు రాలె!"

రాజమణి నవ్వి బటన్ నొక్కింది.

తర్వాత రెండు వ్యాన్లు వచ్చాయి. హెల్మెట్లు, ముఖాల ముందు జాలీలు, లాఠీలు. రెండు నిమిషాల్లో లేవాలని మైకులో చెప్పారు. రెండు నిమిషాలు కాలేదు. బిందెలు దొర్లిన చప్పుడు ముందు వినపడింది, ఆ తర్వాత అరుపులు. షారోన్ లేవబోయింది, చీర కాలి కింద పడి మళ్లీ కూలబడింది. ఒక కానిస్టేబుల్ డాబాకు వీపు పెట్టి ఆమె ముందు నిలబడ్డాడు. చెయ్యి పైకి లేచింది.

కెమెరా లోపలి బుల్లి తెరలో రంగులుండవు, అంతా నలుపు తెలుపే. బూడిదరంగు చొక్కా మీద, ఎత్తిన చెయ్యి కింద, నల్లగా నలుచదరం. మొదటిసారి ఆమెకు అర్థం కాలేదు. రెండోసారి చెయ్యి లేచినప్పుడు అర్థమైంది. మూడోసారి, నాలుగోసారి... ఆమె చెయ్యి వణకలేదు. రుక్సతీలో, అప్పగింతల వేళ, పెళ్లికూతుర్ని పట్టుకుని తల్లి ఏడుస్తుంటే తనకూ ఏడుపొస్తుంది, కాని కెమెరా కదలకూడదు. పదకొండేళ్లు అలా అలవాటైన చెయ్యి అది. బిందె అడ్డం పెట్టుకున్న షారోన్ చెయ్యి వేలాడిపోవడం కూడా సరిగ్గా నడిమధ్యకు వచ్చేలా తీసింది. దానికి తనను తాను ఇంకా క్షమించుకోలేదు.

ఆ సాయంత్రం అంజన్ వచ్చాడు. చొక్కా విప్పి మేకుకు తగిలించి, అన్నానికి కూర్చున్నాడు. "నేను గీ దిక్కు లేనే వదినా. మమ్ముల ఫలక్‌నుమా స్టేషన్ దిక్కు పెట్టిర్రు," అన్నాడు, ఎవరూ అడగకుండానే, పళ్లెంలోకి చూస్తూ. వాడు పళ్లెం ఖాళీ చేశాడు. ఆమె చెయ్యి గరిటె ముంచి మారు వడ్డించింది. ఆ చేతికి అదొక్కటే వచ్చు.

శుక్రవారం దవాఖానకు పోయి చూస్తే షారోన్ కుడిచెయ్యి మోచేతి పైన, కింద, రెండు చోట్ల విరిగింది. చేతికన్నా కేసుకే ఎక్కువ ఏడుస్తోంది. పోలీసుల మీద రాళ్లు రువ్విందని రాశారట. కేసు తేలేదాకా బడికి రావద్దని కబురొచ్చిందట.

"నేను రాయి ఇసిరిన్నంట అక్కా. నా ఒళ్లె బిందె ఉండె. రెండు చేతుల పట్టుకున్న. నువ్వు చూసినవ్ గదా? తీసినవ్ గదా? సోమవారం పదకొండు గంటలకు మా వకీలు కోర్టుకు పోతడు, ఏమన్న సాక్ష్యం, సబూత్ ఉన్నదా అని అడుగుతుండు."

అంజన్ కానిస్టేబుల్ అప్లికేషన్ నింపింది ఈ షారోనే. వాడు తప్పులు రాస్తాడని కూర్చోబెట్టి, ఒక్కొక్క గడీ తన కుడిచేత్తో నింపింది.

"బ్యాటరీ అయిపోయిందే," అంది రాజమణి.

బస్సులో ఇంటికి వస్తూ ఆ మాటను ఎన్నిసార్లు మింగినా దిగలేదు. నిజం చెబితే పెంచిన చేత్తోనే వాడి నోటి కాడ కూడు తీసినట్టు. చెప్పకపోతే ఆ రెండో దెబ్బా, మూడో దెబ్బా తను కొట్టినట్టు. పుట్టింట్లో అన్న ఉన్నాడు గాని రెండు రోజులకు మించి ఉంటే వదిన బియ్యం డబ్బా చప్పుడు చేస్తుంది. ఎటు చూసినా గోడే. గోడకు మేకు, మేకుకు చొక్కా.

"ఏందే, మాట్లాడవ్?" ఈదమ్మ గొంతు మళ్లీ లేచేసరికి ఎల్లేష్ కింద నుంచి వచ్చాడు. అతని ముఖం వేరేగా ఉంది.

"అమ్మా, నువ్వు జర ఊకో. ఏమే, బుధవారం నువ్వు డాబా మీద కెమెరా పట్టుకోని నిలవడ్డవంట? పాన్‌డబ్బా రామ్‌చందర్ చెప్తుండు. ఏం తీసినవ్?"

లోపలి గదిలో అంజన్ రేడియో ఆపేశాడు.

"బ్యాటరీ చూసిన. ఏం తియ్యలె."

"సందూక తాళంచెయ్యి ఇటియ్యి."

రాజమణి చాట కింద పెట్టింది. బొడ్లో తాళంచెవి నిప్పు కణికలా ఉంది. "ఇస్త తియ్. అండ్ల శాలిబండోళ్ల క్యాసెట్లున్నయ్, పెండ్లికూతురు పర్దా లేకుంట ఉన్నది. నువ్వు చూసినవని తెలిస్తే రేపటి సంది ఒక్క పెండ్లి రాదు. నీ ఇష్టం."

ఎల్లేష్ చాచిన చెయ్యి కాసేపు గాల్లో ఉండి, తల గోక్కోవడానికి పోయింది. "తియ్యలేదంటున్నవ్ గదా. అయిపాయె. లేకపోతే ఫికర్ ఏంది?" అని గడప మీద కూలబడ్డాడు. ఈదమ్మ దేవుడి పటానికి దండం పెట్టుకుంది.

అయిపోయింది. ఇక ఎవరూ అడగరు. రేపు సోమవారం గడిచిపోతుంది, ఎల్లుండి నల్లా వస్తుంది. క్యాసెట్ మీద ఇంకో పెళ్లి ఎక్కించేస్తే అసలు బుధవారమే ఉండదు. రాజమణికి ఊపిరి తేలికపడింది. తేలికపడినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

అప్పుడు అంజన్ బయటికి వచ్చాడు. నాలుగు రోజులుగా ఆమె కళ్లలోకి చూడనివాడు ఇప్పుడు మళ్లీ ఆ పదకొండేళ్ల పిల్లవాడి నవ్వు నవ్వాడు. మేకు మీది చొక్కా తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

"ఉతకకపోతే పాయె వదినా, నీళ్లు లేకపోతే నువ్వేం జేస్తవ్. గని చంక కింద అతుకు ఒకదిక్కు ఊడింది సూడు. జర కుట్టియ్యి. రేపు ఇన్‌స్పెక్షన్ ఉన్నది."

ఆమె వేలు పెట్టి చూసింది. కుట్టు పైనుంచి కిందికి తెగింది. బలంగా, పదేపదే లాగితే తప్ప ఆమె వేసిన కుట్టు తెగదు.

"ఎట్ల ఊడిందిరా?"

"ఏమో. బస్సుల రాడ్డు పట్టుకున్న గదా."

"షారోన్ చెయ్యి రెండు తాన్ల ఇరిగింది. ఎరుకేనా?"

వాడి నవ్వు ఒక్క క్షణం ఆగింది. తలుపు వైపు చూశాడు. "రాళ్లిసిరితే ఊకుంటరా వదినా? అందరు ఇసిరిర్రంట."

"ఒక్క సూదిమందం పనికి గింత పంచాయితి ఏందే?" అంది ఈదమ్మ. "ఆనికి కుట్టియ్యి. పధ్నాలుగేండ్లు కుట్టలేదా?"

"కుట్టిన అత్తమ్మా," అంది రాజమణి.

లేచింది. సూదిదారాల డబ్బా తెస్తుందని ముగ్గురూ చూశారు. ఆమె బొడ్లోంచి తాళంచెవి తీసి, సందూక తెరిచి, చొక్కాను ఉతకకుండా, ఊడిన అతుకు పైకి కనిపించేలా మడిచి, క్యాసెట్ల మీద పెట్టి తాళం వేసింది. తర్వాత పొయ్యి దగ్గరికి పోయి అన్నం వార్చింది. పళ్లేలు నాలుగూ పెట్టింది. రేపు ఈ వేళకు ఈ ఇంట్లో నాలుగో పళ్లెం ఉంటుందో లేదో ఆమెకు తెలీదు. ఎవరూ ముద్ద ఎత్తలేదు. ఆమె గొంతు, ఉప్పు అందుకోమని అడిగేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"రేపు పది గంటలకు నేను షారోన్ వకీలు కాడికి పోతున్న. క్యాసెట్ తీస్కపోతున్న. నేను అబద్ధం చెప్పిన, తీసిన. అండ్ల ఎవ్వరి మొఖం కనవడది అంజన్, చెయ్యెత్తినప్పుడల్ల అతుకు కనవడతది. అది ఎవలు కుట్టిర్రని అడిగితే, నేనే కుట్టిన్నని చెప్త."