గుడగుడమనేదాకా

ఎనిమిది వేల అడుగుల ఎత్తున, మంచు కొండల మీద ఉండగా, ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోసాగింది. రాగ్న్‌హిల్డ్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆ చిన్న విమానాన్ని లోయలోకి దించింది.

ఫ్లయింగ్ క్లబ్బులో అందరూ వాఫిళ్లు, ఆ గళ్ల అట్లు, తింటున్నారు. ఆమెకి భయం దిగాక కోపం ఎక్కింది.

"అస్బ్యోర్న్, నీ చేతులు వణుకుతున్నాయి. మాలో ఒకరు చచ్చేదాకా ఇంజన్లు విప్పుతూనే ఉంటావా?" అంది అందరి ముందూ.

ఏళ్ల తరబడి జీతం లేకుండా క్లబ్బు ఇంజన్లు చూస్తున్న మెకానిక్ ఆయన. ఆయిలంతా వంపేసి, పంపు విప్పి, గొట్టాల అతుకులన్నీ తడిమాడు. ఏ తప్పూ దొరకలేదు. దొరకని తప్పు తనదేననుకునే రకం ఆయన. విమానాల షెడ్డు తాళాలు తెచ్చి క్లబ్బు బల్ల మీద పెట్టేశాడు.

తర్వాతి ఆదివారం ఆమె, విమానం నడపడం నేర్చుకోవడానికొచ్చిన మందుల షాపు హల్వోర్‌కి పాఠం చెబుతోంది.

"ముందు ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పు. ఇంజన్ అడుగున నిలిచిన ఆయిల్ తొట్టిలోకొచ్చి గుడగుడమనాలి. అప్పుడే కొలత పుల్ల చూడాలి."

"తిప్పకపోతే కొంప మునుగుతుందా?"

"తొట్టిలో తక్కువున్నట్టు కనిపిస్తుంది, ఇంకా పోస్తావు. ఎక్కువైంది పైకెళ్లాక నురగ కడుతుంది. పంపు ఆ నురగ మింగి, ప్రెషర్..."

తను చేసిన పని అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు మబ్బు పట్టేలోగా ఎగరాలన్న తొందరలో ఆమె ప్రొపెల్లర్ తిప్పలేదు. పుల్ల చూసి, డబ్బాడు ఆయిల్ పోసింది. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. ఆయిల్ వంపేశారు, ఇక ఎవరికీ తెలియదు అన్న ఆలోచనే ముందొచ్చింది. దానికి ఇంకా సిగ్గేసింది.

షెడ్డులో అస్బ్యోర్న్ పనిముట్లు సర్దుకుంటున్నాడు. "రా. నీకు క్షమాపణ చెప్పాలి. ఏదో చూడకుండా వదిలేశాను. నిన్ను చంపేసుండేవాణ్ణి."

"కాదు. ప్రొపెల్లర్ తిప్పకుండా ఆయిల్ పోసింది నేనే."

ఆయన ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. "నా పని అయిపోయిందని మా ఆవిడతో కూడా చెప్పేశాను."

"నన్ను క్షమించు..."

"నా చెవిలో కాదు. ఎక్కడన్నావో అక్కడే చెప్పు."

చెప్పింది, వాఫిళ్ల బల్ల దగ్గర, అందరి ముందూ, ఒక్క ముక్క దాచకుండా. ఎవరూ ఎత్తిపొడవలేదు. పొడిచినా బాగుండేదనిపించింది. ఎవరో తాళాలు, ఆమె వెనకే వచ్చిన అస్బ్యోర్న్ ముందుకు జరిపారు.

ఆయన ముట్టుకోలేదు. "నా పక్కన ఇంకొకర్ని పెట్టండి," అన్నాడు నెమ్మదిగా. "నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది."