నాలుగు సున్నలు

ఆ నెలలో అది నాలుగో పరీక్ష. మూడో తరగతి పిల్లలు జవాబు పత్రాల్లో ఒక్కో ప్రశ్నకీ ఉన్న నాలుగు సున్నల్లో ఒకదాన్ని నింపి ఇచ్చేసరికి బడి వదలడానికి అరగంటే మిగిలింది. మార్కులు వెంటనే యాప్‌లో ఎక్కించమని పైఆఫీసు నుంచి త్రివేణి టీచర్ ఫోన్‌కి మెసేజ్ మీద మెసేజ్.

"తగలబెట్టండప్పా మీ పరీక్షలు! నేను పాఠం చెప్పేదెప్పుడు?" అని ఆమె ఫోన్‌ని బీరువాలో పడేసి, పిల్లలకు పలకలిచ్చింది. "మీ అమ్మ పేరు రాయండి. అది చాలు."

రాయదుర్గంలో జీన్స్ కుట్టే యశోదమ్మ కూతురు పద్మప్రియ, పోయిన మూడు పరీక్షల్లోనూ ఫస్టు. అందరికంటే ముందు ఆ పిల్లే పలక తెచ్చి చూపించింది.

పలక మీద వరసగా నాలుగు సున్నలున్నాయి.

"పేరేదే?" అంది త్రివేణి.

"నువ్వు నాలుగు పేర్లు చెప్పు టీచర్. మాయమ్మది చూసి నింపుతా."